పోలీసు వాహనానుధావనము

ఆగుమని సైరను మ్రోగించి, దీపములు వెలిగించి పోలీసు అధికారి ఇచ్చిన ఆజ్ఞను గుర్తించియు దానిని పాటింపక, తప్పించుకొనవలెనను సంకల్పముతో వాహనమును వేగముగా నడుపుకొనిపోవు వానిని ఆ అధికారి తన వాహనముతో వెంటాడుటకు వాహనానుధావనమని పేరు. వాడుకలో దీనిని ఛేజింగ్ అందురు. చట్టమును ధిక్కరించి పారిపోవువానిని పట్టుకొనుట రక్షకభటుని ధర్మమేకదా, ఇందు చర్చింపవలసినది ఏమున్నదని మొదట తోచును. కాని ఈ పరుగు ఇద్దరి నడుమ ముగియునది కాదు. పారువాడును తరుమువాడును తమ తమ నిర్ణయములచేత ప్రమాదమునకు సిద్ధపడినవారు. వారు దూసుకొనిపోవు కూడలిలో పచ్చదీపము చూచి కారును ముందునకు కదల్చిన తల్లియు, బడినుండి ఇంటికి నడచి వచ్చుచున్న బాలుడును దేనికిని సమ్మతింపనివారు. తరుమవలెనా విడువవలెనా అను ప్రశ్నను విచారించునపుడు ఈ మూడవ మనుష్యుని ముందుగా లెక్కలోనికి తీసికొనవలెనని ఈ వ్యాసకర్త అభిప్రాయము. ఈ విషయమై గణాంకములు, తీర్పులు, విధానములలోని మార్పుల ఫలితములు విస్తారముగా లభించునది అమెరికా సంయుక్త రాష్ట్రములయందు గనుక వ్యాసము ప్రధానముగా ఆ దేశమును గూర్చియే నడచును.

పూర్వచరిత్ర: పారిపోవు అపరాధిని తరుముట కారుకన్న చాల పాతది. ఇంగ్లాండులో 1285లో వెలువడిన వించెస్టరు శాసనము, దొంగ పారిపోవుచున్నాడను కేక వినబడగానే గ్రామస్థులెల్లరును పనులు విడిచి, తామును కేకలు వేయుచు ఊరినుండి ఊరికి వానిని తరిమి పట్టుకొనవలెనని విధించెను. ఘోరాపరాధము చేసి పారిపోవువాడు లొంగనిచో వానిని చంపియైనను ఆపవచ్చునను సూత్రము ఆంగ్లేయుల సామాన్య న్యాయమున స్థిరపడెను. ఆ కాలమున ఘోరాపరాధములలో అధికభాగమునకు మరణమే శిక్షయగుటచే, పట్టుబడిన పిదప ఎట్లును ఉరి తప్పనివాని ప్రాణమును త్రోవలో తీయుటకు ఆనాటివారికి సంకోచము కలుగలేదు. కాలక్రమమున శిక్షలు తగ్గినను సూత్రము మాత్రము తగ్గక, సముద్రము దాటి అమెరికాలో నాటుకొనెను.

యంత్రవాహనములు వచ్చిన తొలినాళ్లలో తరుముట అంత భయంకరమైన పని కాదు. 1899 మే 20వ తేదీన న్యూయార్కు నగరమునందలి లెక్సింగ్టన్ ఎవెన్యూలో విద్యుచ్ఛక్తితో నడచు టాక్సీని గంటకు 12 మైళ్ల వేగమున నడిపిన చోదకుని, సైకిలుపైనున్న పోలీసు వెంబడించి పట్టుకొనెను. అదే సంవత్సరమున ఒహాయో రాష్ట్రములోని ఆక్రన్ నగరము తన పోలీసులకు విద్యుద్వాహనమును సమకూర్చినది. 1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రేడియోలు అమర్చి కేంద్రస్థానమునుండి సమాచారమును పంపసాగిరి. 1932లో ఫోర్డు సంస్థ ఎనిమిది సిలిండర్ల ఇంజను గల కారును సామాన్యునకు అందు ధరకు విడుదల చేయగా, బ్యాంకు దోపిడీగాండ్రును పోలీసులును దానినే కోరి కొనిరి. పారువాని వేగమును తరుమువాని వేగమును ఒక్కసారిగా పెరిగినవి. 1956 నాటి చట్టముతో దేశమంతట విశాలమైన రహదారులు వెలసిన పిమ్మట గంటకు నూరు మైళ్ల వేగము సైతము అసాధ్యము కాకపోయెను. 1968లో వచ్చిన ‘బుల్లిట్’ వంటి చలనచిత్రములు ఈ పరుగును కన్నులపండువుగా చిత్రించుటచే, అది సాహసమును పౌరుషమును నిరూపించు సన్నివేశమను భావము జనుల మనస్సులలో పాతుకొనెను. 1994 జూన్ 17న లాస్ ఏంజెలిస్‌లో మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఓ. జె. సింప్సన్ కూర్చున్న తెల్లని ఫోర్డు బ్రాంకో వాహనము వెనుక పోలీసు కార్లు మెల్లగా సాగుచుండగా హెలికాప్టర్లనుండి ప్రసారమైన దృశ్యమును సుమారు 9 కోట్ల 50 లక్షల మంది చూచిరి. ఆనాడు ఎవరికిని హాని జరుగలేదు. వేగము లేకపోవుటయే అందులకు ముఖ్యకారణము.

వేగము చేయు పని: గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు క్షణమునకు (సెకనుకు) సుమారు 17 మీటర్లు సాగును. అడ్డము కనబడిన పిదప చోదకుడు బ్రేకు త్రొక్కుటకు ఒకటిన్నర క్షణము పట్టినదనుకొన్నచో ఆ లోపలనే 25 మీటర్లు గడచిపోవును. పొడి రోడ్డుపై మంచి బ్రేకులు ఆ కారును ఆపుటకు మరి 20 మీటర్లు కావలెను. వేగము రెట్టింపై 120 కిలోమీటర్లైనచో తెలిసికొనుటకే 50 మీటర్లు, ఆగుటకు సుమారు 80 మీటర్లు, వెరసి 130 మీటర్లు పట్టును. వేగము రెట్టింపైన వస్తువులోని శక్తి నాలుగింతలగుటయే ఇందులకు కారణము. దీనికి తోడు, సామాన్యముగా ఎవరును తలంపని విషయమొకటి కలదు. సైరను పోలీసు కారునకే కాని పారిపోవు కారునకు ఉండదు. కూడలిలోని పాదచారి సైరను విని వెనుకవచ్చు పోలీసు కారు వైపు చూచుచుండగా, దానికి ముందు నిశ్శబ్దముగా వచ్చు కారు అతనిని ఢీకొనును. ఇక తరుమువాని స్థితియు గమనింపదగినదే. గుండె వేగముగా కొట్టుకొనుచు, దృష్టి ముందున్న కారుపై మాత్రమే నిలిచి, ఇరుప్రక్కల కనబడవలసినది కనబడకపోవుట అనుభవజ్ఞులైన పోలీసులే చెప్పుకొను మాట. అట్టివానిచేతనే ఈ పరుగును ఆపవలెనా వలదా అను నిర్ణయము కూడ చేయించుట వానికిని అన్యాయమే.

గణాంకములు: అమెరికా న్యాయశాఖకు చెందిన గణాంక విభాగము 2017లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 1996 మొదలు 2015 వరకు ఇరువది సంవత్సరములలో ఇట్టి పరుగుల వలన 7,000 మందికి పైగా మరణించిరి, సగటున సంవత్సరమునకు 355 మంది, అనగా దినమునకు దాదాపు ఒక్కరు. మృతులలో సుమారు మూడింట రెండువంతులు పారిపోయిన వాహనములోనివారు. వారిలోను చోదకుని ప్రక్కన ఊరక కూర్చున్నవారు పలువురుందురు. నాలుగవ వంతుకు మించినవారు ఈ పరుగుతో ఏ సంబంధమును లేని ఇతర వాహనములలోనివారు. పోలీసు వాహనములలో మరణించినవారు నూటికి ఒక్కరు మాత్రమే. 2012 ఒక్క సంవత్సరములో స్థానిక, రాష్ట్ర పోలీసులు సుమారు 68,000 పర్యాయములు వాహనములను తరిమిరని అదే నివేదిక అంచనా వేసినది. తరుముటను అధికారి ఇష్టమునకు విడిచిపెట్టిన శాఖలలో ప్రతి నూరుగురు అధికారులకు సంవత్సరమున 17 పరుగులు జరుగగా, దానిని నిరుత్సాహపరచిన లేక నిషేధించిన శాఖలలో రెండు మాత్రమే జరిగినవి.

సంఖ్యలను చూపునపుడు న్యాయము పాటింపవలెను. 1968లో ఒక వైద్యసంఘము ప్రతి అయిదు పరుగులలో ఒకటి మరణముతో ముగియునని ప్రకటించగా, అది మితిమీరిన అతిశయోక్తియని తరువాతి పరిశీలనలు తేల్చినవి. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ 1983లో 683 పరుగులను పరిశీలింపగా, వానిలో నూటికి 77 పారిపోయినవాడు పట్టుబడుటతో ముగిసినవి. నూటికి 29 ప్రమాదములకు, 11 గాయములకు, ఒకటి మరణమునకు దారితీసినవి. తరుముటను సమర్థించువారు ఆ 77ను చూపుదురు, వ్యతిరేకించువారు ఆ 29ని చూపుదురు. ఇరువురి సంఖ్యయు నిజమే. ఐతే పట్టుబడినవాడు ఏమి చేసినవాడని అడుగక ఈ సంఖ్యలను తూచుట సాధ్యము కాదు. 2008లో సింథియా లమ్, జార్జి ఫాక్‌నర్ అను పరిశోధకులు సుమారు 7,700 పరుగుల వివరములు పరిశీలించి, వానిలో నూటికి 42 కేవలము రాకపోకల నిబంధనలను ఉల్లంఘించుట వలన మొదలైనవనియు, హింసాత్మకమైన ఘోరాపరాధము కారణముగా మొదలైనవి నూటికి తొమ్మిదియైనను లేవనియు కనుగొనిరి. వెనుకదీపము వెలుగని కారును ఆపబోగా మొదలైన పరుగు ఒక కుటుంబమును బలిగొనుట జరుగుచున్నదన్నమాట. పారిపోవువాడు లోపల ఏదో దాచుకొని యుండుననియు, లేనిచో ఏల పారిపోవుననియు పోలీసులు వాదింతురు. కొన్ని సమయములయందు అది నిజమగును కూడ. కాని రద్దైన లైసెన్సు, త్రాగినమత్తు, చెల్లింపని జరిమానా, తండ్రికి తెలియకుండ తెచ్చిన కారు అను వాని భయముతో పారిపోవు యువకులును పలువురు కలరు. వెనుక అద్దములో ఎఱ్ఱదీపము కనబడినంతకాలము ఆ భయము పెరుగునేకాని తగ్గదు.

దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయమునందలి జెఫ్రీ ఆల్పర్ట్ ఈ విషయమున చిరకాలము కృషి చేసిన నేరశాస్త్రజ్ఞుడు. 1997లో ప్రకటితమైన ఆయన అధ్యయనములో, తప్పించుకొన ప్రయత్నించి పట్టుబడినవారిని కారాగారములలో ప్రశ్నింపగా, పోలీసులు తరుముట మానినచో తాము వేగము తగ్గించియుందుమని నూటికి 70 మందికి పైగా చెప్పిరి. ఖైదీల మాటలను పూర్తిగా నమ్మవలెనని కాదు. కాని విధానము మారిన నగరములలోని అనుభవమును అదే అధ్యయనమున కలదు. ఫ్లోరిడాలోని మయామీ ప్రాంతపు మెట్రో-డేడ్ పోలీసులు 1992లో హింసాత్మక ఘోరాపరాధముల విషయమున మాత్రమే తరుమవలెనని నియమము చేసికొనగా, ఆ సంవత్సరము 279గా నున్న పరుగులు మరుసటి సంవత్సరము 51కి పడిపోయినవి. ఒమాహా నగరము 1993లో దీనికి విరుద్ధముగా నియమమును సడలింపగా 17గా నున్నవి 122కు పెరిగినవి. పరుగుల సంఖ్యను నిర్ణయించునది నేరస్థులు మాత్రమే కాదని, పోలీసుశాఖ వ్రాసికొన్న కాగితమునకును అందు భాగమున్నదని ఈ రెండు నగరములును చూపినవి.

న్యాయస్థానములు: పైన చెప్పిన ప్రాచీన సూత్రమునకు అమెరికా సుప్రీం కోర్టు 1985లో టెన్నెసీ – గార్నర్ వ్యాజ్యమున హద్దు విధించెను. 1974లో మెంఫిస్ నగరమున ఒక ఇంట దొంగతనము చేసి కంచె దాటి పారిపోవుచున్న 15 ఏండ్ల నిరాయుధ బాలుని పోలీసు తుపాకితో కాల్చి చంపెను. పారిపోవువాని వలన ఇతరులకు తీవ్రమైన హాని కలుగునని నమ్ముటకు తగిన కారణమున్నప్పుడే తప్ప ప్రాణాంతకమైన బలమును ప్రయోగింపరాదని న్యాయస్థానము నిర్ణయించెను. ఇది కాలినడకన పారిపోయిన వాని కథ. తుపాకిగుండు ఒక్కని వైపు పోవును. కారు పరుగు ఎవరి వైపు పోవునో చెప్పజాలము. ఐనను కార్ల విషయము వచ్చుసరికి న్యాయస్థానములు పోలీసులకు చాల విశాలమైన అవకాశము నిచ్చినవి. 1989 నాటి బ్రోవర్ వ్యాజ్యములో, మలుపు చాటున భారీ లారీని రోడ్డునకు అడ్డముగా నిలిపి పారిపోవువాని కారు దానికి ఢీకొనునట్లు చేయుట రాజ్యాంగదృష్టిలో ‘పట్టుకొనుటయే’ అగునని, కావున దాని సమంజసత్వము విచారింపదగినదని తేల్చిరి. 1998లో శాక్రమెంటో కౌంటీ – లూయిస్ వ్యాజ్యము వచ్చినది. మోటారు సైకిలుపై వెనుక కూర్చున్న 16 ఏండ్ల బాలుడు, 75 క్షణములలో ముగిసిన పరుగులో వెంటాడిన పోలీసు కారు ఢీకొని మరణించెను. హాని చేయవలెనను ఉద్దేశము అధికారికి లేనిచో, మనస్సాక్షి విలవిలలాడునంతటి దుర్మార్గము కాదని, రాజ్యాంగము క్రింద పరిహారము లభింపదని న్యాయమూర్తి సూటర్ వ్రాసిన తీర్పు నిర్ణయించెను.

వీనియన్నిటిలో అధికముగా చర్చింపబడినది 2007 నాటి స్కాట్ – హారిస్ వ్యాజ్యము. 2001 మార్చి నెలలో జార్జియా రాష్ట్రమున గంటకు 55 మైళ్లు హద్దుగా గల రోడ్డుపై 73 మైళ్ల వేగముతో పోవుచున్న 19 ఏండ్ల యువకుని డిప్యూటీ షెరీఫు ఆపబోగా అతడు ఆగలేదు. ఆరు నిముషములు, సుమారు పది మైళ్లు సాగిన పరుగు చివర మరియొక డిప్యూటీ తన కారు ముందుభాగముతో వెనుకనుండి గ్రుద్దగా, యువకుని కారు కట్టదిగి బోల్తాపడి, అతని కాలుసేతులు శాశ్వతముగా చచ్చుబడినవి. పోలీసు కారులోని కెమెరా తీసిన చిత్రమును న్యాయస్థానము తన తీర్పునకు జతపరచినది. ఎనిమిదిమంది న్యాయమూర్తులు పోలీసు పక్షము వహించిరి. ప్రధాన తీర్పు వ్రాసిన స్కాలియా, ప్రమాదమును బుద్ధిపూర్వకముగా సృష్టించినవాడు ఆ యువకుడే అనియు, ప్రమాదకరముగా నడుపువానిని విడువవలెనని నియమము చేసినచో పారిపోవువారెల్లరు అంతకంత ప్రమాదకరముగా నడుపుటకు అది బహుమతి యగుననియు వాదించెను. ఈ వాదము బలమైనది. దీనిని త్రోసివేయుట సులభము కాదు. స్టీవెన్స్ ఒక్కడే భిన్నాభిప్రాయము వెలిబుచ్చి, ఆ చిత్రములో తన సహచరులు చూచినంతటి భయంకరము తనకు కనబడలేదనియు, దీనిని జూరీ నిర్ణయింపవలసినదనియు వ్రాసెను. పిమ్మట 2009లో మువ్వురు పండితులు ఆ చిత్రమును సుమారు 1,350 మంది అమెరికనులకు చూపగా, ఎక్కువమంది న్యాయస్థానముతో ఏకీభవించినను, జాతిని, ఆదాయమును, రాజకీయాభిప్రాయమును బట్టి చూపరుల తీర్పులు వేరువేరుగా నుండెను. ఒకే దృశ్యము అందరి కన్నులకును ఒకటిగా కనబడదని అందుచే తేలినది.

2014లో ప్లమ్‌హాఫ్ – రికార్డ్ వ్యాజ్యము మరియొక మెట్టు ముందునకు పోయినది. పారిపోవుచున్న కారుపై పోలీసులు 15 గుండ్లు కాల్చగా చోదకుడును అతని ప్రక్కనున్న స్త్రీయు మరణించిరి. అందును తప్పు లేదని సుప్రీం కోర్టు నిర్ణయించెను. దీనిని బట్టి అమెరికాలో తరుముటకు రాజ్యాంగము విధించు అడ్డు స్వల్పమని గ్రహింపవలెను. నిజమైన అడ్డు, ఉన్నచో, రాష్ట్రశాసనములందును పోలీసుశాఖల నియమములందును ఉన్నది.

నియమముల ఊగిసలాట: మిల్వాకీ నగరమున 2010లో, వరుసగా నిరపరాధులు మరణించిన పిమ్మట, హింసాత్మక నేరములకు మాత్రమే తరుమవలెనని నియమము చేసిరి. కార్లు దొంగిలించు యువకులు పోలీసులను చూచి వెక్కిరించుచు పోవుచున్నారను మొర పెరుగగా 2017లో దానిని సడలించిరి. అట్లాంటా 2020 ప్రారంభమున తరుముటను పూర్తిగా నిలిపివేసి, సుమారు ఏడాదికి పరిమితులతో మరల ప్రవేశపెట్టెను. వాషింగ్టన్ రాష్ట్రము 2021లో శాసనమువలననే తరుముటను కొలది నేరములకు కుదించి, 2023లో కొంత, 2024లో ఇంకను ఎక్కువగా సడలించెను. న్యూజీలాండు పోలీసులు 2020 డిసెంబరులో కఠినమైన విధానమును చేపట్టగా, ఆగక పారిపోవువారి సంఖ్య హెచ్చినది. 2023లో విధానము మరల మారినది. లండను పోలీసులు స్కూటర్లపై వచ్చి సెల్‌ఫోనులు లాగుకొనిపోవు దొంగలను 2018 ప్రాంతమున కారుతో తాకించి పడవేయు పద్ధతిని బహిరంగముగా ప్రకటించిరి. తరుమరని తెలిసినచో పారిపోవువారు పెరుగుదురన్నమాట నిరాధారము కాదని వీనివలన ఒప్పుకొనవలసియున్నది. కాని పారిపోవువారు పెరుగుటయు, మరణించువారు పెరుగుటయు ఒకటి కావు. దొంగిలింపబడిన కారునకు వెల కట్టవచ్చును. 2023లో అమెరికా పోలీసు నాయకుల పరిశోధన సంఘము ప్రభుత్వ సంస్థల సహకారముతో ప్రకటించిన మార్గదర్శకములు, హింసాత్మకమైన నేరము జరిగియుండుట, నిందితుని వలన తక్షణ ప్రమాదము ఉండుట అను రెండును కూడినప్పుడే తరుమవలెనని చెప్పినవి. ఈ వ్యాసకర్తకు ఇది న్యాయమైన హద్దుగా తోచుచున్నది. పిల్లవానిని అపహరించి తీసికొనిపోవువానిని, కాల్పులు జరిపి ఇంకొకచోట జరుపబోవువానిని విడుచుట కూడ ఆ మూడవ మనుష్యునికే ద్రోహము.

నియమమును ఉల్లంఘించిన అధికారికి శిక్షపడుట బహు అరుదు. 2020 అక్టోబరులో రాజధానియైన వాషింగ్టన్ నగరమున, శిరస్త్రాణము లేక మోపెడ్ నడుపుచున్న యువకుని శాఖానియమములకు విరుద్ధముగా తరుమగా అతడు ఇంకొక వాహనమునకు ఢీకొని మరణించెను. తరిమిన అధికారికి 2022లో హత్యానేరము రుజువైనది. 2025 జనవరిలో దేశాధ్యక్షుడు అతనికిని, దోషియని తేలిన అతని పై అధికారికిని క్షమాభిక్ష ప్రసాదించెను.

ఉపాయములు: వెంటాడక పట్టుకొనుటకును, పరుగును త్వరగా ముగించుటకును పలు సాధనములు వచ్చినవి. బోలు మేకులు గల పట్టీలను రోడ్డుపై పరచినచో చక్రములలోని గాలి ఒక్కుమ్మడిగా కాక మెల్లమెల్లగా పోయి కారు తనంతట నిలుచును. కాని ఆ పట్టీని పరచుటకు రోడ్డు ప్రక్క నిలిచిన పోలీసులే ఎందరో మరణించిరి. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పోలీసులు 1980ల చివర రూపొందించిన పద్ధతిలో, పారిపోవు కారు వెనుకచక్రమునకు ప్రక్కగా పోలీసు కారు ముందుభాగమును ఆనించి త్రిప్పగా అది గిరగిర తిరిగి ఆగును. వేగము మించినచో ఆగుటకు మారుగా బోల్తాపడును. ఇటీవల జిగురుగల చిన్న పరికరమును ముందుకారుపైకి విసరి, ఉపగ్రహముల సహాయమున దాని జాడ తీయు పద్ధతి వ్యాపించుచున్నది. పైనుండి కనిపెట్టుచుండు హెలికాప్టరు వలె ఇదియు, తరుముచున్నారని పారువానికి తెలియకుండ తరుముట. ఖర్చును బట్టి చిన్న శాఖలకు హెలికాప్టరు దుర్లభము.

తెలుగువారికి ఈ విషయము దూరమైనది కాదు. 2023 జనవరిలో సియాటిల్ నగరమున రోడ్డు దాటుచున్న తెలుగు విద్యార్థిని ఒకతె, గంటకు 25 మైళ్లు హద్దుగా గల వీథిలో 74 మైళ్ల వరకు వేగమందుకొన్న పోలీసు కారు ఢీకొని మరణించినది. ఆ కారు ఎవరిని తరుముట లేదు, మాదకద్రవ్యము వికటించిన రోగి పిలుపునకు పోవుచుండెను. ఐనను సదుద్దేశముతో పోవు పోలీసు కారు సైతము ఆ వేగమున ఏమి చేయగలదో అందు కనబడినది. మనదేశమున, అరెస్టు చేయదగిన వానిని అధికారి దేశములో ఎచటికైనను వెంబడింపవచ్చునని 1973 నాటి నేరవిచారణ స్మృతిలోని 48వ విభాగము చెప్పగా, 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 45వ విభాగము అదే చెప్పుచున్నది. మరణశిక్షగాని యావజ్జీవ కారాగారముగాని పడదగిన నేరమున నిందితుడు కానివానిని అరెస్టు కొరకు చంపరాదని 43వ విభాగము నిషేధించినది. ఎంత వేగమున, ఎట్టి వీథిలో, ఏ నేరమునకై తరుమవచ్చునను ప్రశ్నకు ఈ విభాగములలో సమాధానము లేదు. శేషాచలము కొండలనుండి ఎఱ్ఱచందనము తరలించు వాహనములు రాత్రివేళల ఆగక దూసుకొనిపోవుట రాయలసీమ పోలీసులు ఎరిగినదే. 2024 ఫిబ్రవరిలో అన్నమయ్య జిల్లాలో అట్టి కారును ఆపబోయిన కానిస్టేబుల్ దాని క్రింద పడి ప్రాణములు విడిచెను. రోడ్డుపై చేయి చాచి నిలుచుట తరుముటకన్న క్షేమమని తలపరాదు.

విడుచు విధానము: పరుగును మానుట మొదలుపెట్టుటకన్న కష్టమైన పని గనుక మంచి నియమములు ఆ నిర్ణయమును తరుమువానికి విడువవు. బ్రిటనులో తగిన శిక్షణ పొందిన చోదకుడు తప్ప తరుమరాదు. తొలిదశ గడువగానే పరుగును సాగించుటకు కంట్రోలు రూములోని అధికారి అనుమతి కావలెను. ఆయన కారులో లేడు; వేగము, రద్దీ, వర్షము, ముందున్నవాడు చేసిన నేరము అను వానిని రేడియోలో విని తూచును. ‘వదలివేయుము’ అని ఆయన పలికిన పిమ్మట ఏమి చేయవలెనో న్యూజీలాండు నియమములు వివరముగా వ్రాసియుంచినవి. అధికారి వేగము తగ్గించి, దీపములను సైరనును ఆపి, కారును రోడ్డు ప్రక్కన పూర్తిగా నిలిపి, తాను నిలిచిన చోటును రేడియోలో చెప్పవలెను. దీపములు మాత్రము ఆర్పి, కొంత వెనుకగా మెల్లగా అనుసరించుటకు వీలులేకుండ ఈ కట్టుబాటు చేసిరి. వెనుక అద్దములో ఆ కారు ఇంకను కనబడుచున్నంతవరకు ముందున్నవాని పాదము యాక్సిలరేటరుపై నుండి లేవదు.